రైలు ధరలో కలిసిపోయిన రీసెర్చ్ డబ్బు

2024 అక్టోబరులో చెన్నైలోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ, బెంగళూరులోని ప్రభుత్వరంగ కంపెనీ బీఈఎంఎల్‌కి ఒక ఆర్డరిచ్చింది. రెండు హైస్పీడ్ రైళ్లు, ఒక్కోదానికి 8 కోచ్‌లు, డిజైన్ వేగం గంటకు 280 కిలోమీటర్లు. కాంట్రాక్టు మొత్తం 866.87 కోట్లు. ఒక్కో కోచ్ 27.86 కోట్లు. వార్త చదివి పక్కన పెట్టేయకుండా కాగితం మీద గుణించి చూడండి. 16 కోచ్‌లకు 445.76 కోట్లే వస్తాయి. దాదాపు అంతే మొత్తం, 421 కోట్లు, ఇంకా మిగిలే ఉంటుంది.

ఆ కాంట్రాక్టులో డిజైన్ ఖర్చు, ఒక్కసారి పెట్టే డెవలప్‌మెంట్ ఖర్చు, జిగ్గులు, ఫిక్చర్లు అనే బిగింపు సాధనాలు, టూలింగ్, టెస్టింగ్ సదుపాయాలు అన్నీ కలిసే ఉన్నాయని కంపెనీ ప్రకటన చెప్పింది. వాటిలో ఏ పద్దుకి ఎంత అన్నది మాత్రం బయట ఎక్కడా విడిగా కనబడదు. మన దేశంలో హైస్పీడ్ రైలు పరిశోధనకి ప్రభుత్వం డబ్బివ్వడం లేదని చాలామంది అంటారు. నేను ఆ మాట అనను. ఇస్తోంది. కాకపోతే కిరాణా బిల్లులో సంచి ఖరీదు కలిపేసినట్టు, రైలు ధరలో కలిపేసి ఇస్తోంది. నా తకరారు అక్కడే.

ఇది ఇప్పుడు ఎందుకంటే, 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు హైస్పీడ్ కారిడార్లలో మూడు హైదరాబాద్‌ని తాకుతాయి: పుణె నుంచి ఒకటి, బెంగళూరుకి ఒకటి, చెన్నైకి ఒకటి. స్టేషన్ ఎక్కడ వస్తుంది, భూముల ధరలు ఎంత పెరుగుతాయి అని మనవాళ్లు అప్పుడే లెక్కలేసుకుంటున్నారు. ఆ రైలు చక్రాన్ని అరిగిపోయేదాకా తిప్పి చూసే యంత్రం మన దగ్గర ఎక్కడుంటుంది, దానికి డబ్బు ఏ పద్దు కింద వస్తుంది అని అడిగేవాళ్లు కనబడటం లేదు.

మనకి బాగా దగ్గరి ఉదాహరణ ఒకటుంది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. కవచ్, అంటే రైళ్లు ఢీకొనకుండా తనంతట తానే బ్రేకులు వేసే వ్యవస్థ. దాన్ని 2012లో వేరే పేరుతో మొదలుపెట్టారు. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ స్పెసిఫికేషన్ రాసింది. పరీక్షలకి దక్షిణ మధ్య రైల్వే తన లైను ఇచ్చింది. ప్రయాణికుల రైళ్ల మీద ఫీల్డ్ ట్రయల్స్ 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ అనే మూడు హైదరాబాద్ కంపెనీలు పరికరాలు తయారుచేశాయి. 2020 జులైలో అది జాతీయ వ్యవస్థ అయింది. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య రెండు రైళ్లను ఎదురెదురుగా నడిపిస్తే, రైల్వే మంత్రి ఉన్న ఇంజను 380 మీటర్ల దూరంలో తనంతట తాను ఆగింది. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు.

దీన్ని అభివృద్ధి చేయడానికి అయిన ఖర్చని పార్లమెంటుకి ప్రభుత్వం చెప్పిన అంకె 16.88 కోట్లు. అంతే. కవచ్‌ని లైను పొడవునా బిగించడానికి కిలోమీటరుకి సుమారు 50 లక్షలవుతుంది. ఆ లెక్కన డెవలప్‌మెంట్‌కి పెట్టిన మొత్తం 34 కిలోమీటర్ల బిగింపుతో సమానం. లింగంపల్లిలో మొదలుపెడితే వికారాబాద్ దాకా కూడా రాదు.

ఇంత తక్కువలో ఎలా అయింది? మన ఇంజనీర్లు చవగ్గా దొరుకుతారు కాబట్టి అని ఛాతీ విరుచుకునేవాళ్లున్నారు గానీ, అసలు కారణం అది కాదు. పరీక్షలకి కావాల్సిన అతి ఖరీదైన సరుకు ఉచితంగా దొరికింది. అదే నడుస్తున్న లైను. రైల్వేలో ‘బ్లాక్’ అంటే ఫలానా సెక్షన్‌లో ఫలానా గంటలు రైళ్లు ఆపి మీకు అప్పగించడం. రద్దీ లైన్లో రెండు గంటల బ్లాక్ కావాలంటే ఆపరేటింగ్ వాళ్లని ఎంత బతిమాలాలో ఆ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. ఆ బ్లాకులు, ఇంజన్లు, లోకో పైలట్లు, సిగ్నల్ సిబ్బంది ఇదంతా డివిజన్ భరించింది. 16.88 కోట్లలో అవి కనబడవు. స్పెసిఫికేషన్ ఆర్‌డీఎస్‌ఓ చేతిలో ఉండడం రెండో కారణం. ఒక కంపెనీ ఇంజన్ పరికరం ఇంకో కంపెనీ స్టేషన్ పరికరంతో మాట్లాడి తీరాలని మొదట్నుంచీ షరతు ఉంది కాబట్టి ఎవరి గుత్తాధిపత్యమూ ఏర్పడలేదు.

కవచ్ కథలో వెలితీ ఉంది. ఇంజనుకీ స్టేషనుకీ మధ్య మాట నడిచేది రేడియోలో. మొదటి రూపంలో అది సన్నటి యూహెచ్‌ఎఫ్ బ్యాండు. పెద్ద యార్డులో ఇంజన్ల సంఖ్య పెరిగితే అంతమందితో అది మాట్లాడలేదు. రైల్వేకి 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో 5 మెగాహెర్ట్జ్ కేటాయింపుకి కేబినెట్ ఆమోదం వచ్చింది 2021 జూన్‌లో. పెద్ద యార్డులకీ, సిగ్నళ్లనీ పాయింట్లనీ కలిపి నడిపే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌కీ సరిపడేలా సరిచేసిన 4.0 స్పెసిఫికేషన్ 2024 జులైలో వచ్చింది. పన్నెండేళ్లు. పరికరం తయారీకి డబ్బుంది, దాని చుట్టూ ఉండాల్సిన టెలికాం, ధ్రువీకరణ, సిమ్యులేషన్ ల్యాబులకి ముందే డబ్బు కేటాయించినవాళ్లు లేరు. తక్కువ ఖర్చుతో చేశామని మురిసిపోయిన చోటే ఆలస్యానికి కారణమూ ఉంది.

కవచ్ గంటకు 160 కిలోమీటర్ల రైళ్ల కోసం పుట్టింది. 280కి వెళ్తే సమస్యల స్వభావమే వేరు. వేగం ఒకటిన్నర రెట్ల పైన పెరిగితే ఆపాల్సిన శక్తి మూడు రెట్లవుతుంది, గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ అయిదు రెట్లు దాటుతుంది. ఇవి పుస్తకంలో దొరికేవే. పుస్తకంలో పూర్తిగా దొరకనిది, దొరికినా నమ్మలేనిది ఒకటుంది. హంటింగ్.

రైలు చక్రం అంచు చదునుగా ఉండదు, కొంచెం వాలుగా, గరాటులా ఉంటుంది. ఇరుసు ఒక పక్కకి జరిగితే ఆ పక్క చక్రం పెద్ద చుట్టుకొలత మీద, రెండో పక్కది చిన్న చుట్టుకొలత మీద దొర్లుతాయి. దాంతో ఇరుసు తనే మధ్యకి తిరిగొస్తుంది. వచ్చి ఆగదు, అవతలి పక్కకి పోతుంది. అలా పట్టాల మధ్య పాములా మెలికలు తిరుగుతూ వెళ్తుంది. దీన్నే హంటింగ్ అంటారు. జపాన్ రైళ్ల కొలతలే తీసుకుందాం: చక్రం వ్యాసం 860 మిల్లీమీటర్లు, చక్రాలు పట్టాలని తాకే చోట్ల మధ్య దూరం 1.5 మీటర్లు. వాలు 20లో 1 ఉంటే ఒక మెలిక పొడవు 16 మీటర్లు. 40లో 1కి తగ్గిస్తే సుమారు 22.5 మీటర్లు. 280 వేగంలో సెకనుకి 78 మీటర్లు పోతాం కాబట్టి మొదటి దానిలో సెకనుకి దాదాపు 5 ఊపులు, రెండో దానిలో మూడున్నర. అందుకే వేగం రైళ్లకి వాలు తక్కువ పెడతారు.

ఇక్కడిదాకా ఇంజనీరింగ్ విద్యార్థి కూడా లెక్కేస్తాడు. చిక్కంతా చక్రం అరిగాక. లక్షల కిలోమీటర్లు తిరిగిన చక్రం పట్టా ఆకారానికి ఒదిగి గుంత పడుతుంది. అప్పుడు దాని వాలు, లెక్కకి సమానమైన వాలు, 5లో 1 దాకా పోవచ్చు. మెలిక పొడవు 8 మీటర్లకి పడిపోతుంది. అదే 280 దగ్గర సెకనుకి పది ఊపులు. కొత్త చక్రంతో ట్రయల్ రన్ చేసి, సరిగ్గా నడిచిందని సర్టిఫికెట్ ఇచ్చిన రైలు ఏడాది తర్వాత ఇంకో రైలు అన్నమాట.

దీన్ని పట్టుకోవడానికి రోలర్ రిగ్ కావాలి. బోగీని, అంటే పెట్టె కింద చక్రాలూ ఇరుసులూ ఉండే చట్రాన్ని నిలబెట్టి, ప్రతి చక్రం కిందా పట్టా తలలాంటి ఆకారం చెక్కిన రోలర్‌ని తిప్పుతారు. రైలు కదలదు, పట్టా కదులుతుంది. వేగం పదేసి కిలోమీటర్లు పెంచుతూ ప్రతి మెట్టు దగ్గరా హైడ్రాలిక్ జాకీతో పక్కనుంచి ఒక తోపు ఇస్తారు. ఊపు నాలుగైదు సార్లు ఊగి చచ్చిపోతే ఆ వేగానికి పాస్. చావకుండా అదే స్థాయిలో కొనసాగితే అక్కడ ఆపాలి. ఇందులో మోసం ఏమిటంటే, చిన్న తోపుకి చచ్చిపోయిన ఊపే అదే వేగంలో పెద్ద తోపుకి చావకపోవచ్చు. కాబట్టి మళ్లీ మొదట్నుంచి పెద్ద తోపుతో చేయాలి. తర్వాత అరిగిన ఆకారానికి లేత్ మీద చెక్కిన చక్రంతో. ఆ తర్వాత బోగీకీ బాడీకీ మధ్య ఉండి మెలికలని అణిచే నూనె సిలిండర్లు, యా డ్యాంపర్లు అంటారు, వాటిలో ఒకటి తీసేసి, అంటే అది నూనె కారి పనిచేయడం మానేస్తే ఏమవుతుందో చూడటానికి. ఇదంతా నెలల పని. ఈ పనిని నడిచే లైన్లో చేయలేం, ఎందుకంటే లైన్లో ఫెయిలైతే పట్టా తప్పుతుంది.

జపాన్ ఇది 1950లలోనే చేసింది. యుద్ధకాలంలో జీరో విమానం రెక్కల కంపనం మీద పనిచేసిన మత్సుదైరా తదాషి యుద్ధం తర్వాత ప్రభుత్వ రైల్వే పరిశోధన సంస్థలో చేరాడు. మెలికలకి పట్టాల వంకరే కారణమని పాత రైల్వే ఇంజనీర్లంటే, కాదు, విమానం రెక్కలో ఉండే జబ్బే ఇదీ, తనంతట తాను పుట్టే కంపనం అన్నాడు. పట్టా ఎంత తిన్నగా వేసినా పోదని రోలర్ల మీద తిప్పి చూపించాడు. 1957 మే 30న టోక్యోలో ఆ సంస్థవాళ్లు సభ పెట్టి టోక్యో నుంచి ఒసాకాకి మూడు గంటల్లో రైలు సాధ్యమేనని చెప్పారు. 1964 అక్టోబరు 1న షింకాన్‌సెన్ మొదలైంది. లైనుకి ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్ల అప్పిచ్చింది నిజమే. కానీ ఆ అప్పు 1961లో వచ్చింది. బోగీ ప్రశ్నకి జవాబు అంతకు ముందే సొంత డబ్బుతో దొరికింది. ఆ వరుసలోనే మొత్తం కిటుకుంది.

మన ముంబై–అహ్మదాబాద్ లైనులో వరుస తలకిందులు. 508 కిలోమీటర్లు, మొదటి అంచనా 1.08 లక్షల కోట్లు, అందులో 81 శాతం జపాన్ అప్పు, వడ్డీ 0.1 శాతం, 50 ఏళ్ల గడువు. అప్పు షరతులు నిజంగా మంచివే, నేను కాదనను. అప్పు ముందొచ్చింది, ప్రశ్నలు తర్వాత పుట్టాయి. స్లాబ్ ట్రాక్, అంటే కంకర బదులు కాంక్రీటు పలకల మీద పట్టాలు బిగించే పద్ధతి, జపాన్‌ది. సిగ్నలింగ్ కూడా జపాన్‌దే అనుకుని, 2025లో ఐరోపా పద్ధతి ఈటీసీఎస్ లెవెల్ 2కి మారారు. దానిమీద మనం తయారుచేసిన రైలు నడవబోతోంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి కుదురుతాయో లేదో చూడాల్సింది ఎవరు? ఏ డబ్బుతో?

పరీక్ష ఎగ్గొడితే ఏమవుతుందో జర్మనీ చూసింది. ఐసీఈ అనే తన హైస్పీడ్ రైళ్లలో డైనింగ్ కారు కప్పులు గలగలమంటున్నాయని, గట్టి చక్రాలు తీసేసి, లోపల రబ్బరు పొర ఉన్న చక్రాలు బిగించారు. ట్రాముల్లో బాగా నడిచిన డిజైను. గంటకు 200 దాటిన వేగంలో, ఏళ్ల తరబడి అరిగిన టైరు లోపలివైపు ఎంత వంగుతుందో చివరిదాకా తిప్పి చూసినవాళ్లు లేరు. 1998 జూన్ 3న ఎషెడె దగ్గర టైరు లోపలి బీట పగిలింది. 101 మంది చనిపోయారు. అదీ పరిశోధన మంత్రిత్వ శాఖ డబ్బుతో మ్యూనిక్‌లోని ఫ్రైమాన్‌లో రోలర్ రిగ్గు కట్టుకున్న జర్మనీలో. రిగ్గు ఉంటే చాలదు, ప్రతి చిన్న మార్పుకీ మళ్లీ దాని మీదికి ఎక్కించే ఖర్చు ఏటా ఉండాలి.

మనం టెస్ట్ ట్రాక్ కట్టలేదా అంటారు. కట్టాం, రాజస్థాన్‌లో, జోధ్‌పూర్ డివిజన్‌లో, సాంభర్ సరస్సు దగ్గర. 60 కిలోమీటర్లకి అటూ ఇటూ, 820 కోట్ల ప్రాంతం. వంపులు, లూపులు, వంతెనలు, గంటకు 220 దాకా పరీక్షించే వీలు. మంచి ఆస్తి. అయితే అది బ్రాడ్ గేజ్. పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు. మన 280 రైలు స్టాండర్డ్ గేజ్, 1435. వందేభారత్‌కి పనికొచ్చే ఆ ట్రాక్ మీద బుల్లెట్ రైలు చక్రం ఆనదు. 280 రైలుకి ముంబై–అహ్మదాబాద్ లైనే గతి, అంటే ప్రారంభోత్సవం తేదీ నెత్తిమీద కూర్చున్న లైనులో పరీక్షలు చేసుకోవాలి.

కొరియావాళ్లు ఈ ఇరకాటాన్ని మనకన్నా ముందే ఎదుర్కొన్నారు. ఫ్రాన్స్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైళ్లు కొన్నారు, మొత్తం 46. 12 ఫ్రాన్స్‌లో, 34 కొరియాలో తయారీ. టెక్నాలజీ బదిలీ ఒప్పందంలోనే ఉంది. అక్కడితో సరిపెట్టుకోలేదు. ఒప్పందంలో వచ్చేది ఎలా చేయాలో చెప్పే డ్రాయింగు, ఆ కొలత అంతే ఎందుకుండాలో చెప్పదు. అందుకని 1996లో, కొన్న రైలు ఇంకా పట్టాలెక్కక ముందే, ప్రభుత్వం విడిగా ఒక పరిశోధన పథకం పెట్టి సొంత ప్రయోగ రైలు కట్టించింది. అది ప్రయాణికుల కోసం కాదు. 2004 ఏప్రిల్ 1న కొన్న రైలు సర్వీసు మొదలైంది. అదే ఏడాది డిసెంబరు 16న ప్రయోగ రైలు గంటకు 352.4 కిలోమీటర్ల వేగం అందుకుంది. దాన్నుంచి పుట్టిన సాంచెయోన్ 2010లో వచ్చింది. వచ్చిన కొత్తలో అది ఆగిపోయి, చెడిపోయి, పత్రికలు ఉతికి ఆరేశాయి. ప్రభుత్వం పథకం మూసేయలేదు. ఇంకో ప్రయోగ రైలు కట్టింది, 2013లో అది 421.4 అందుకుంది. 2024లో ఉజ్బెకిస్తాన్‌కి ఆరు రైళ్ల ఎగుమతి ఆర్డరు వచ్చింది. మొదలుపెట్టిన 28 ఏళ్లకి. మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు మారాయో మీరే లెక్కేసుకోండి.

మన దగ్గర 28 ఏళ్లు కాదు, మార్చి 31 దాటడమే గండం. ఆ తేదీలోపు ఖర్చు కాని డబ్బు వెనక్కి పోతుంది. రిగ్గుకి కావాల్సిన పెద్ద బేరింగు విదేశం నుంచి రావడానికే ఏడాది పైన పడుతుంది. టెండరు ఎల్-1, ఎవరు తక్కువకి కోట్ చేస్తే వాళ్లకి. నట్లూ బోల్టులూ కొనడానికి అది సరే. ఇంతవరకూ ఎవరూ చేయని పరీక్షకి తక్కువ ధర వేసినవాడంటే, చాలాసార్లు ఆ పరీక్ష లోతు తెలియనివాడని అర్థం. సైట్ పరిచయమయ్యేసరికి ఆఫీసరు బదిలీ అవుతాడు.

డబ్బే లేదనడానికీ లేదు. 2025 జులైలో కేబినెట్ లక్ష కోట్ల రీసెర్చ్, డెవలప్‌మెంట్, ఇన్నోవేషన్ పథకానికి ఆమోదం తెలిపింది. అది ప్రధానంగా తక్కువ వడ్డీకో వడ్డీ లేకుండానో దీర్ఘకాలపు అప్పు. తయారైన నమూనాని మార్కెట్‌కి తెచ్చే కంపెనీకి అది బాగానే పనికొస్తుంది. కానీ రోలర్ రిగ్గు ఎవరికి ఏమమ్మి అప్పు తీరుస్తుంది? దాని ఫలితం చాలాసార్లు ‘ఈ డిజైను పనికిరాదు’ అనే ఒక్క వాక్యం. ఆ వాక్యం కోట్లు ఆదా చేస్తుంది, రూపాయి సంపాదించదు. అలాంటి వాటికి గ్రాంటే ఇవ్వాలి, అదీ అయిదేళ్లకి ఒకేసారి మంజూరై, మార్చికి మురిగిపోకుండా.

హైపర్‌లూప్ సంగతి ఎత్తకపోతే వ్యాఖ్యల్లో ఎవరో ఒకరు ఎత్తుతారు. ఐఐటీ మద్రాస్ తైయూరులో 400 మీటర్ల పైచిలుకు గొట్టం కట్టింది. రైల్వే శాఖ 8.34 కోట్లిచ్చింది. విద్యార్థులు నేర్చుకోవడానికి ఆ మొత్తం ఎక్కువేం కాదు, ఇవ్వనీయండి. అమరావతి నుంచి విజయవాడకి ఆరు నిమిషాల్లో అంటూ 2017లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, గుర్తుందా? ఆ గొట్టం ఎక్కడా కనబడలేదు. కొత్తదానికి ఫొటో బాగా వస్తుంది, పాత చక్రానికి రాదు. జర్మనీ కూడా అయస్కాంతాల రైలుకి దశాబ్దాలు డబ్బు పోసింది. చివరికి వ్యాపారానికి పనికొచ్చిన లైను షాంఘైలో 30 కిలోమీటర్లే. కానీ అదే సమయంలో చక్రం–పట్టా పరిశోధనకీ డబ్బు ఆపలేదు. దేశమంతా తిరుగుతున్నవి ఆ చక్రాల రైళ్లే.

ఇక హైదరాబాద్ లైన్లకి ఏం చేయాలి? ఇక్కడ ఎవరి డ్రాయింగూ పనికిరాని ప్రశ్న ఒకటుంది. ఎండ. మే నెలలో గాలి 45 డిగ్రీలుంటే పట్టా 60 దాటుతుంది. 60 కిలోల పట్టా ఉక్కు అడ్డకోత 76.86 చదరపు సెంటీమీటర్లు. అది సాగకుండా బిగించి ఉన్నప్పుడు ప్రతి డిగ్రీకీ సుమారు 1.9 టన్నుల ఒత్తిడి పుడుతుంది. 38 డిగ్రీల దగ్గర ఒత్తిడి లేకుండా బిగించిన పట్టా 63కి వేడెక్కితే ఒక్కో పట్టాలో 47 టన్నులు. కంకర మీద వేసిన లైను అయితే పక్కకి వంగుతుంది. స్లాబ్ ట్రాక్‌లో పట్టా వంగదు, ఆ బలమంతా క్లిప్పుల్లోకి, స్లాబులోకి దిగుతుంది. స్లాబు పైభాగం కాలి కిందభాగం చల్లగా ఉంటే మధ్యభాగం ఉబికి అంచులు కిందికి నొక్కుకుంటాయి. చైనాలో ఒకదానికొకటి కలిపి పరిచిన ఒక రకం స్లాబులు ఎండాకాలంలో జాయింట్ల దగ్గర పైకి లేచాయి. జపాన్ స్లాబు విడివిడి ముక్కలు కాబట్టి ఆ జబ్బు తక్కువ. కానీ దాని కింద సిమెంటూ తారూ కలిపిన మెత్తటి పొర ఉంటుంది. తారు ఏ వేడికి ఎంత మెత్తబడుతుందన్నది జపాన్ వాతావరణంలో కొలిచారు. మన మే నెలలో, రాత్రి పూట కూడా పూర్తిగా చల్లారని కాంక్రీటు కింద, పదేళ్లలో అది ఎంత నలుగుతుందో కొలవాల్సింది మనమే. నల్లరేగడి నేలల్లో వయాడక్టు, అంటే స్తంభాల మీది వంతెన, దిగి మట్టికట్ట మీదికి లైను మారే చోట్ల కూడా అంతే. వానాకాలం ఉబ్బి వేసవిలో బీటలు వారే నేల మీద మిల్లీమీటర్ల తేడా కూడా ఒప్పుకోని ట్రాక్ అది.

దీనికి జపాన్ చేసినదే దారి. కమోనోమియా దగ్గర 30 కిలోమీటర్ల పైచిలుకు ముక్కని మిగతా లైను కన్నా ముందు కట్టి, 1962 జూన్ నుంచి రైళ్లు తిప్పారు. 1963 మార్చి 30న అక్కడే 256 వేగం అందుకున్నారు. తర్వాత ఆ ముక్క అసలు లైనులో కలిసిపోయింది, కాబట్టి ఆ కట్టడం డబ్బు వృథా కాలేదు. హైదరాబాద్–బెంగళూరు లైనులో కర్నూలు వైపు 40 కిలోమీటర్లు ముందుగా కట్టి, రెండు వేసవులూ రెండు వానాకాలాలూ పరీక్షలకి వదిలేయాలి. ప్రయాణికులు లేరు, ప్రారంభోత్సవం లేదు. ఆ రెండేళ్ల ఖర్చు ప్రాజెక్టు అంచనాలో కలపకుండా విడి పద్దులో చూపాలి, కొలతలన్నీ ఆర్‌డీఎస్‌ఓ దగ్గరే ఉండాలి, అడిగిన కాలేజీకల్లా ఇవ్వాలి.

ఈ నిర్ణయం తీసుకోవడానికి గడువు మొదటి స్లాబు పోసే రోజు. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగలు స్లాబు పైనుంచి కిందికి నాలుగైదు లోతుల్లో, ఇనుప చువ్వలకి కట్టి, కాంక్రీటు పోయకముందే పెట్టాలి. ఒత్తిడి కొలిచే గేజీలూ అంతే. పోశాక డ్రిల్లు చేసి దూర్చిన తీగ తన చుట్టూ ఉన్న గుంత ఉష్ణోగ్రత చెబుతుంది, స్లాబుది కాదు.